రెండు బళ్ళ నడుమ మా ఊరు

మా పెద్దవాళ్ళు ఏనుగు మల్లమ్మ కొండ అనీ, బస్సు బోర్డులు హార్స్‌లీ హిల్స్ అనీ పిలిచే కొండ కనుచూపు మేరలో కనిపించే ఒక చిన్న పల్లె మాది. అప్పటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకూ కురబలకోటకూ నడుమ, చెనిక్కాయ, టమాటా తప్ప మరో పంటను నమ్ముకోలేని మెట్టనేలల్లో ఉంటుంది. ఆ ఊరికి ఒక వైపున తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషివ్యాలీ బడి ఉంది. మరో వైపున, మదనపల్లె దాటాక, వలసపల్లెలో జవాహర్ నవోదయ విద్యాలయం ఉంది. మొదటిది దేశం నలుమూలల నుంచీ కలిగినవాళ్ళ పిల్లలు వచ్చి చదువుకునే బడి. రెండవది జిల్లా అంతటికీ ఒకే పరీక్ష పెట్టి, ఏటా 80 మందిని ఏరుకుని, తిండీ బట్టా పుస్తకాలూ తానే ఇచ్చి చదివించే సర్కారు బడి. 1989లో, నాకు పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు, ఈ రెండింటిలో నేను దేనికి పోవాలన్న మాట మా ఇంటి అరుగు మీద నెలరోజుల పాటు నలిగింది.

అలాంటి మాట మాలాంటి ఇంట్లో పుట్టడానికి కారణం మా పెద్దమామ. అమ్మకు అన్న. మదనపల్లె మార్కెట్ యార్డులో ఆయనకు టమాటా మండీ, అంటే రైతుల కాయలను కమీషన్ మీద వేలం వేసి అమ్మే కొట్టు, ఉండేది. ఇప్పుడు ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటిగా చెప్పుకునే ఆ యార్డు అప్పటికి ఇంత పెరగలేదు. ప్లాస్టిక్ క్రేట్లు కూడా ఇంకా రాలేదు, కాయలన్నీ వెదురు గంపల్లోనే వచ్చేవి. ధర పలికిన రోజున రైతుకూ మండీకీ ఇద్దరికీ మిగిలేది, ధర పడిన రోజున మండీకి మాత్రం కమీషన్ మిగిలేది. మామను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఒకే కాయను అమ్ముకుని బతికిన రెండు కుటుంబాల్లో ఒకటి రిషివ్యాలీ ఫీజు కట్టగలిగిన స్థితికి ఎట్లా చేరిందో, రెండవది ఎందుకు చేరలేదో నాకు చాలా కాలం అర్థం కాలేదు కాబట్టి చెబుతున్నాను. మామ కొడుకు నా ఈడువాడే. వాడికి రిషివ్యాలీలో ఆరో తరగతిలో సీటు వచ్చిన వారానికి మామ మా ఇంటికి వచ్చి, "వీడికి గూడా అర్జీ పెడదాం బావా, వస్తే ఇద్దురూ జతగా ఉంటారు, ఫీజు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

నాయన అప్పుడు ఏమీ అనలేదు. చెంబుతో నీళ్ళు తెచ్చి మామకు ఇచ్చి, టమాటా నారు గురించి మాట్లాడాడు. రిషివ్యాలీ అంటే మా ఊళ్ళో ఎవరికీ చెడ్డ అభిప్రాయం లేదు. ఒకప్పుడు గొర్రెలకు కూడా మేత దొరకని ఆ లోయలో వాళ్ళు దశాబ్దాల పాటు చెట్లు నాటి పెంచారు, 1991లో దానిని పక్షుల సంరక్షణ ప్రాంతంగా కూడా చేసుకున్నారు. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం వాళ్ళు చిన్న బళ్ళు నడిపారు. మా చిన్నత్త కూతురు తరువాత రోజుల్లో అలాంటి బడిలోనే ఓనమాలు దిద్దింది. అక్కడ తరగతికొక గది ఉండదు, పాఠాలన్నీ కార్డుల మీద ఉంటాయి, గోడ మీద నిచ్చెన బొమ్మ ఉంటుంది, ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచి తన పాటికి తాను ఎక్కుతుంది. ఆ పద్ధతి తరువాత ఎన్నో రాష్ట్రాల సర్కారు బళ్ళకు పాకింది. అంటే ఆ లోయకూ మాకూ సంబంధం లేకపోలేదు. కాకపోతే లోపలి పెద్ద బడి ఒకటి, బయటి పల్లె బళ్ళు మరొకటి. బయటి బడి నుంచి లోపలి బడికి నిచ్చెన ఉందా అని మా ఊళ్ళో ఎవరూ అడిగిన గుర్తు లేదు, అడగాలని కూడా మాకు తోచలేదు.

నవోదయ సంగతి వేరు. అది మా ఊరికి దాదాపు ఆకస్మికంగా వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానంతో జిల్లాకొక నవోదయ అన్న ఆలోచన ఊపందుకుంది. అప్పుడు ప్రధానిగా ఉన్న రాజీవ్ గాంధీ డెహ్రాడూన్‌లోని డూన్ స్కూల్లో చదివిన మనిషి. మానవ వనరుల మంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు, అంతకు పదిహేనేళ్ళ ముందు, 1971లో, ముఖ్యమంత్రిగా నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాలను తెరిపించిన మనిషి. ఆ తరువాత తాడికొండలోనూ, మాకు దగ్గరగా హిందూపురం పక్కన కొడిగెనహళ్ళిలోనూ అలాంటివే వెలిశాయి. డబ్బున్నవాడి బిడ్డకు దొరికే బడిని తెలివున్న పేదవాడి బిడ్డకు ఉచితంగా ఇవ్వాలన్నది ఆ ఆలోచన సారం. అయితే అంతకు ఇరవై ఏళ్ళ ముందే, దేశంలో చదువుల తీరు మీద వేసిన 1964-66 నాటి కొఠారీ కమిషన్ మరో దారి చూపింది: ఒక వాడలోని పిల్లలందరూ, కలిగినవాళ్ళూ లేనివాళ్ళూ, ఆ వాడ బడిలోనే కలిసి చదువుకోవాలని, అప్పుడే ఆ బడి బాగుపడుతుందని అది సిఫారసు చేసింది. వాడ బడి బాగుపడలేదు, జిల్లాకొక మంచి బడి మాత్రం వచ్చింది. నేను నవోదయ దారిన నడిచి పైకి వచ్చినవాణ్ణి కాబట్టి వాడ బడి దారి గురించి మాట్లాడే హక్కు నాకు ఎంత ఉందో తెలియదు, కానీ ఆ దారి మూసుకుపోవడం వల్ల ఎవరు వెనుక ఉండిపోయారో మాత్రం పేరు పేరునా తెలుసు.

వాళ్ళలో మొదటివాడు నా పక్కన కూర్చునేవాడు. పేరు రాయను. మా ఐదో తరగతిలో లెక్కలు నాకంటే వాడికే బాగా వచ్చేవి. సంతలో చెనిక్కాయలు కొలిచే శేరు, అర్ధశేరు లెక్కలు నోటితో కట్టి, మా అయ్యవారు పలక మీద వేసి చూసుకునేలోగా జవాబు చెప్పేవాడు. నవోదయ పరీక్ష దరఖాస్తులు ఆ ఏడు మా బడికి మూడు వచ్చాయి. మా అయ్యవారు పోస్టుమాన్ ద్వారా మదనపల్లె నుంచి తెప్పించారు, ఆయన ఆ శ్రమ తీసుకోకపోతే మా ఊరికి ఆ పరీక్ష ఉందన్న సంగతే తెలిసేది కాదు. మూడింటిలో ఒకటి నాకు, ఒకటి సర్పంచి తమ్ముడి కొడుక్కి, ఒకటి వాడికి అనుకున్నారు. హెడ్మాస్టరు సంతకం దగ్గర ఆగిపోయింది. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లెలోని బడిలో, ఏ ఏడాదికి ఆ ఏడాది పూర్తిగా చదివి ఉండాలని నిబంధన. పట్నం పిల్లలు వచ్చి పల్లె పిల్లల సీట్లు తన్నుకుపోకుండా పెట్టిన నిబంధన అది, నాలుగింట మూడు వంతుల సీట్లు పల్లెలకు కేటాయించిన బడికి అలాంటి కాపలా అవసరమే. కానీ నా పక్కనవాడు నాలుగో తరగతిలో ఉండగా వానలు పడలేదు. వాళ్ళ అమ్మానాయనా కూలికి బెంగళూరు పోతూ వాణ్ణి కూడా తీసుకుపోయారు, ఏడెనిమిది నెలలు వాడు ఏదో కట్టడం దగ్గర తన చెల్లెల్ని ఎత్తుకుని ఇసుక కుప్ప మీద కూర్చున్నాడు. హాజరు పట్టీలో ఆ నెలలన్నీ ఖాళీ. హెడ్మాస్టరు చెడ్డవాడు కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నేను తప్పుడు సర్టిఫికెట్ రాయలేను నాయనా" అన్నాడు. ఆ దరఖాస్తు ఖాళీగానే బీరువాలో ఉండిపోయింది. పల్లె పిల్లల కోసం కట్టిన కంచె పల్లెలోకెల్లా పేదవాణ్ణి ఆపిందన్న సంగతి నాకు ఆ రోజు తెలియదు. వాడు పరీక్ష రాయకపోతే నాకు పోటీ ఒకటి తగ్గిందనే అనుకున్నాను. ఆ మాట రాయడానికి ముప్పై ఐదేళ్ళు పట్టింది.

పరీక్షకు నన్ను తయారు చేసింది అయ్యవారే. మూడు భాగాలుండేవి: లెక్కలు, భాష, ఆపైన ఎక్కువ మార్కుల మేధాశక్తి భాగం. మేధాశక్తి అంటే బొమ్మలు. నాలుగు బొమ్మలిచ్చి వేరుగా ఉన్నది ఏదో గుర్తుపట్టమంటారు, సగం బొమ్మ ఇచ్చి మిగతా సగం ఎంచుకోమంటారు, అద్దంలో ఎట్లా కనిపిస్తుందో చెప్పమంటారు. మా ఇంట్లో అద్దం మంగలి దగ్గర ఉండేటంత చిన్నది. అయ్యవారు తన గడ్డం గీసుకునే అద్దం బడికి తెచ్చి, దాని ముందు బొమ్మలు పెట్టి చూపించేవారు. ఆ నెలల్లో సాయంత్రాలు లాంతరు వెలుగులో ఆయన నాకు ఇచ్చిన గంటలను ఇప్పుడు పట్నాల్లో కోచింగ్ అంటారు, దానికి ఫీజు ఉంటుంది. నేను కట్టింది అప్పుడప్పుడూ రాగి సంకటి, చెనిక్కాయల చట్నీ, సంక్రాంతికి ఒక కోడి.

ఫలితం పోస్టులో వచ్చింది. అదే వారంలో మామ మళ్ళీ వచ్చాడు. అప్పుడు నాయన మాట్లాడాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, అందుకే ఆ మాటలు నాకు ఇప్పటికీ వరుసగా గుర్తున్నాయి. "నీ సొమ్ముతో వీడు చదివితే రేపు నీ మండీలో నా కాయలకు ధర తగ్గించినా నేను నోరెత్తి అడగలేను బావా. సర్కారు సొమ్ము అయితే ఎవురికీ తల వంచే పని లేదు. పైగా ఈ సీటు వీడు రాసి తెచ్చుకున్నాడు" అన్నాడు. మామ నొచ్చుకున్నాడు, నొచ్చుకోవడంలో న్యాయం ఉంది, ఆయన ధర తగ్గించే మనిషి కాదు. అమ్మ మాత్రం ఇద్దరినీ కాదని మూడో మాట అన్నది. "పాపకు ఎవురు కడతారు? అన్నకొక బడి, చెల్లెలికొక బడి పెడితే రేపు అది మనల్ని అడగదా?" అన్నది. నవోదయ అయితే చెల్లెలు కూడా రెండేళ్ళ తరువాత రాసుకోవచ్చు, ఆడపిల్లలకు మూడింట ఒక వంతు సీట్లున్నాయని అయ్యవారు చెప్పారు. అమ్మకు ఆ లెక్కే న్యాయంగా తోచింది. అట్లా నేను ట్రంకుపెట్టె మోసుకుని వలసపల్లె చేరాను.

ఆ బడి నాకు ఏమిచ్చిందో చెప్పాలంటే సబ్బు బిళ్ళతో మొదలుపెట్టాలి. నెలకింత అని సబ్బు, తలకు నూనె, పళ్ళపొడి కూడా బడే ఇచ్చేది. ఎవడి ఇంట్లో ఏముందో వాడి సబ్బును బట్టి తెలిసే వీలు లేదు. అందరివీ ఒకే బట్టలు, ఒకే పళ్ళెం, ఒకే వరుస. దేశంలోని నవోదయలన్నింటిలోలాగే మాకూ ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులుండేవి. మా ఊరి కొండ పేరు తప్ప అన్ని కొండల పేర్లూ పెట్టారని మేము నవ్వుకునేవాళ్ళం. ఎనిమిదో తరగతి దాకా తెలుగులో చదివి, ఆ తరువాత లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో, సోషల్ హిందీలో చదవాల్సి వచ్చేది. హిందీలో మొదటిసారి అక్బరు గురించి జవాబు రాసిన రోజున నేను ఏడ్చాను, రెండేళ్ళకు ఆ భాషలోనే కొట్లాడాను కూడా. తొమ్మిదో తరగతిలో మాలో కొందరిని హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపి, అక్కడివాళ్ళను మా దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఈ హిందీ సంగతి వల్లనే మాకు పక్కనున్న తమిళనాడులో ఈనాటికీ ఒక్క నవోదయ కూడా లేదు. చిత్తూరు జిల్లా సరిహద్దుకు అటువైపు పుట్టి ఉంటే నాకు ఈ కథే లేదన్న ఆలోచన అప్పుడప్పుడూ వస్తుంది.

సెలవుల్లో మామ కొడుకూ నేనూ కలిసేవాళ్ళం. వాడు పక్షుల గురించి చెప్పేవాడు. కూత విని పిట్టను గుర్తుపట్టేవాడు. సాయంత్రాలు బడి పిల్లలందరూ ఒకచోట మాటలేకుండా కూర్చుని పొద్దు గుంకడం చూస్తారని, దాన్ని అస్తాచలం అంటారని చెప్పాడు. "అంతసేపు ఊరికే కూర్చుంటే చదువు ఎట్ల వస్తాది?" అని నేను నిజంగానే అడిగాను. పొద్దు గుంకే వేళకు మేము ఆటలు ముగించుకుని, కాళ్ళు కడుక్కుని, స్టడీ అవర్‌కు పరుగెత్తేవాళ్ళం. "నీకు ఎన్నో ర్యాంకు?" అని అడిగితే వాడు తెల్లమొహం వేశాడు. వాళ్ళ తరగతిలో ర్యాంకులు లేవు. నాకు నా ర్యాంకు, నా ముందున్న ఇద్దరి మార్కులు, వెనుకనున్న నలుగురి మార్కులు కంఠస్థం. నిజం చెప్పాలంటే మా బళ్ళో ఎవరూ మమ్మల్ని ఆ లెక్క వేయమనలేదు, మేమే నోటుబుక్కు చివరి పేజీలో వేసుకునేవాళ్ళం. ఒకసారి పోటీలో నెగ్గి లోపలికి వచ్చినవాడు లోపల కూడా పోటీ ఆపలేడు. ఆపితే వచ్చిన దారినే పోవాల్సి వస్తుందన్న భయం ఉంటుంది.

ఒకడిని మరొకడితో పోల్చడం పిల్లవాణ్ణి నలిపేస్తుందని కృష్ణమూర్తి జీవితమంతా చెప్పాడు. ఆయన ప్రసంగాలు నేను ఇరవై ఏళ్ళు దాటాక చదివాను, ఆ మాట నిజమని నా ఒంటికే తెలుసు. కానీ చదువుతున్నంతసేపూ ఒక చిక్కు నన్ను వదల్లేదు. పోల్చని చదువు మా ప్రాంతంలో ఫీజు కట్టగలిగినవాళ్ళకు దొరికింది. ఫీజు లేని మంచి చదువు మాత్రం వేలమందితో పోల్చి, ఎక్కువ తూగినవాళ్ళకే దొరికింది. రిషివ్యాలీలో కూడా సీట్లు తక్కువే, పిల్లలను చూసి, మాట్లాడే చేర్చుకుంటారు, కొద్దిమందికి స్కాలర్‌షిప్పులూ ఉంటాయి, ఆ సంగతి దాచను. అయినా అక్కడికి అర్జీ పెట్టే నాటికే పెద్ద వడపోత ఒకటి ఇంటి గడప దగ్గరే అయిపోయి ఉంటుంది. మా వడపోత అందరి కళ్ళముందూ, పరీక్ష కాగితం మీద జరిగింది. వాళ్ళది కళ్ళకు కనిపించదు కాబట్టి సున్నితంగా ఉంటుంది. మాది కనిపిస్తుంది కాబట్టి మోటుగా ఉంటుంది. ఏది ఎక్కువ న్యాయమని అడిగితే నేను ఇప్పటికీ మా మోటుదే అంటాను. అయితే అంతగా గట్టిగా అనను.

గట్టిగా అనలేకపోవడానికి కారణం మా చెల్లెలు. రెండేళ్ళ తరువాత అదీ పరీక్ష రాసింది. అప్పటికి అయ్యవారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన మంచివాడే, కానీ సాయంత్రం బస్సుకు మదనపల్లె వెళ్ళిపోయేవాడు. సెలవుల్లో నేను వచ్చి నాలుగు రోజులు బొమ్మలు చూపించాను, విసుక్కున్నాను కూడా. దానికి సీటు రాలేదు. నవోదయ పరీక్ష ఒకసారే రాయాలి, రెండో అవకాశం లేదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే సంకటి తిన్న ఇద్దరిలో ఒకరికి ఏడేళ్ళ పాటు సర్కారు తిండి, లైబ్రరీ, ప్రయోగశాల దొరికాయి. మరొకరికి మూడు కిలోమీటర్లు నడిచి పోయే హైస్కూలు, సైన్సు టీచరు పోస్టు ఖాళీగా ఉన్న రెండేళ్ళు దొరికాయి. పదో తరగతి పాసయింది, పెళ్ళి చేశారు. అమ్మ వేసిన న్యాయం లెక్క తప్పిందని అమ్మ ఎన్నడూ అనలేదు. చెల్లెలు మాత్రం ఒకసారి, వాళ్ళ ఇంట్లో అన్నం వడ్డిస్తూ, "మామ మాట విని నువ్వు ఆడికి పొయ్యింటే, అయ్యవారు ఆ ఏడు సందేళ నాకు చెప్పేటోడేమోన్నా" అన్నది. ఆ లెక్క సరిగ్గా పొసగదు. నేను ఏ బడికి పోయినా అయ్యవారికి బదిలీ అయ్యేదే. ఆ మాట పైకి అనకుండా నేను అన్నం కలుపుకున్నాను.

మామ కొడుకు చదువు పూర్తిచేసి, కొన్నాళ్ళు ఏవేవో ఊళ్ళు తిరిగి, చివరికి మండీలోనే కూర్చున్నాడు. తెల్లవారి వేలంలో గొంతు పోయేలా అరిచి, మధ్యాహ్నం బైనాక్యులర్ మెడలో వేసుకుని చెరువు గట్టుకు పోతాడు. వాణ్ణి చూసినప్పుడు నాకు వాడి చదువు వృథా అయిందని అనిపించదు. చదువుకు ఫలితం చూపించి తీరాల్సిన అప్పు వాడి నెత్తిన లేదు, అంతే. ఆ అప్పు నాకు ఉండేది. ఇంజనీరింగ్, ఉద్యోగం, బెంగళూరులో ఇల్లు, అన్నీ ఆ 80లో ఒకటిగా ఉన్నందుకు కట్టిన వాయిదాలే అనిపిస్తుంది.

మా అమ్మాయి మూడో తరగతిలోకి వచ్చిన ఏడు అరుగు మీది పాత మాట మళ్ళీ లేచింది. ఈసారి ఫీజు నేను కట్టగలను. దగ్గరి బంధువు ఒకాయన పండుగకు వచ్చి, నా మంచికోరే, ఒక ఉపాయం చెప్పాడు. పాప పేరు ఊరి బడిలో మూడేళ్ళు రాయించి ఉంచితే పల్లె కోటా వస్తుందట, చదువు బెంగళూరులోనే సాగించవచ్చట, చివరి ఏడు మాత్రం నవోదయ కోచింగ్ హాస్టల్లో పెడితే చాలట. అట్లా చేసినవాళ్ళ పేర్లు కూడా చెప్పాడు. నాకు కోపం వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టక, కోపం ఆయన మీద కాదని తెలిసింది. ఒక్క క్షణం నేనూ లెక్క వేసుకున్నాను: నా బడి, నా హౌసు, నా బిడ్డ ఆరావళిలోనో నీలగిరిలోనో. ఇసుక కుప్ప మీద చెల్లెల్ని ఎత్తుకుని కూర్చున్నందుకు హాజరు పోగొట్టుకున్నవాడి ముందు, హాజరు కొనుక్కోగలిగిన మనిషిగా నేను నిలబడి ఉన్నాను.

అమ్మాయిని రిషివ్యాలీలో చేర్చాం. అదీ నేను గర్వంగా చెప్పుకునే మాట కాదు, సిగ్గుపడి దాచుకునే మాటా కాదు. ఇంటి పక్కన సర్కారు బడి ఉండగా, అందులో చేర్చే ధైర్యం లేక, మరో పేదబిడ్డ సీటు తీసుకోకుండా తప్పుకోవడమే నాకు చేతనైన న్యాయం అయింది. కొఠారీ కమిషన్ అడిగింది ఆ మొదటి ధైర్యాన్ని. మొన్నటి సెలవుల్లో మా అమ్మాయి ఏదో కూత విని తల ఎత్తి పిట్ట పేరు చెబితే, నాకు మామ కొడుకు గుర్తొచ్చి నవ్వు వచ్చింది. దానికి తన ర్యాంకు తెలియదు. అడగకుండా ఉండటానికి నాకు కష్టంగా ఉంటుంది.

పోయిన చలికాలం దాన్ని బడిలో దింపి తిరిగి వస్తూ ఊళ్ళో ఆగాను. నా పక్కన కూర్చునేవాడు ఇప్పుడు రెండెకరాలు కౌలుకు చేస్తూ, టమాటా కాలంలో ట్రాక్టరు తోలుతాడు. బెంగళూరు పనులకు చాలా ఏళ్ళు పోయివచ్చాడు, మా అపార్టుమెంటు ఉన్న పేటలో కూడా పని చేశాడట. చిన్న కూతురు ఐదో తరగతి. నవోదయ పరీక్షకు నెల కూడా లేదు, "బొమ్మల లెక్కలు కొంచెం చూపించు, నాకు అవి ఎక్కవు" అన్నాడు. అరుగు మీద కూర్చుని పుస్తకం తెరిచాను. అద్దం బొమ్మల దగ్గర నేను ఆగి ఆలోచిస్తుంటే ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది, సరిగ్గానే చూపించింది. "మీ పాప రాయదా పెదనాయనా?" అని అడిగింది. రాయదు అన్నాను. ఎందుకని అడుగుతుందేమో అనుకున్నాను, అడగలేదు, పేజీ తిప్పింది.

వాడు లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో ఆధార్ కాపీలు, నెట్ సెంటర్లో తీయించిన దరఖాస్తు, హెడ్మాస్టరు సంతకం చేసిన స్టడీ సర్టిఫికెట్. సర్టిఫికెట్‌ను తొడ మీద పరిచి, మూడు తరగతుల వరుసల మీద వేలు నడిపించాడు. పోయిన రెండేళ్ళూ కాయకు ధర లేదు, వాళ్ళ అన్నదమ్ములంతా బెంగళూరు పోయారు, వీడు మాత్రం పోలేదు. "మూడేండ్లు ఊరు దాటలేదురా నేను. ఇంట్లో అప్పు ఉండాది గానీ, దీంట్లో ఒక్క రోజు గూడా ఖాళీ లేదు చూడు" అన్నాడు.